బెత్తెడు సందు

కోడి మేడ ఎక్కడుందని ఆ ఊళ్ళో ఎవర్నడిగినా వేలు చూపించరు, గడ్డం పైకెత్తి చూపిస్తారు. పెద్దబజారులో ఎటు నిలబడినా అది కనపడుతుంది కాబట్టి అంతకన్నా శ్రమ అక్కర్లేదు. ఎర్ర ఇటుక మేడ. బజారు మలుపు తిరిగేచోట దాని గోడ కూడా మూల లేకుండా గుండ్రంగా తిరుగుతుంది. కింద నిలువెత్తు కిటికీలు, వాటి వెనక పెద్ద హాలు, హాలు నడుమ అచ్చు మెషీన్. దారినపోయేవాళ్ళు కాసేపు ఆగి, తమ ఊరి పేపరు అచ్చవుతుంటే కళ్ళారా చూడాలని కట్టించినాయన ముచ్చటపడ్డాడట. పైన సన్నని ఇనప కమ్మీల బాల్కనీ ఉంది. ఇక సింహద్వారం నెత్తిన ఉన్న శిల్పం సంగతి చెప్పాలి. కలం పట్టుకున్న డేగని చెక్కమంటే ఆ శిల్పి ధ్యాస ఎక్కడుందో గానీ, గుడ్డు పెట్టబోయే కోడిని చెక్కి పెట్టి వెళ్ళాడు. పేపరుకి ఘనమైన పేరే ఉంది. మేడకి మాత్రం కోడి మేడ అన్నదే ఖాయమైంది. ఊరన్నాక ఎవర్నీ ఊరికే వదలదు.

ఆ మేడకీ, అందులోంచి వారానికి రెండుసార్లు వచ్చే పేపరుకీ పెద్దదిక్కు ఒక్క మనిషే. ఆవిణ్ణి అందరూ ఎడిటరమ్మ అంటారు. మేడ కట్టించింది ఆవిడ తాతగారు. ఆయన తర్వాత నాన్నగారు, నాన్నగారి తర్వాత ఈవిడ. ముక్కుసూటి మనిషి. పేపర్లో ఎవరి గురించి ఏం రాసినా ఆ మనిషి మొహం మీద కూడా అదే మాట అనగలదు. అందుకే ఆవిడంటే ఊరికి సగం గౌరవం, సగం బెదురు. ఆవిడకి ఉన్న బెదురల్లా ఒక్కటే, ఆ మెషీన్ ఎక్కడ ఆగిపోతుందో అని.

ఆ బెదురు కాస్తా నిజమయ్యే రోజొచ్చింది. బజారు వైపు గోడకి ఎప్పటినుంచో బీటలున్నాయి. వానలకి ముందు వాటిని పూడ్పించడం, వానలు వెళ్ళాక అవి మళ్ళీ నోళ్ళు తెరవడం మామూలే. "బస్సులమ్మా, బస్సులు! ఈ బజార్లో బస్సులు తిరగడం మొదలెట్టాకే ఈ దరిద్రం పట్టుకుంది," అనేవాడు మెషీన్ బాబాయి. మెషీన్ నడపడంలోనే జుట్టు నెరిసిన మనిషి. బస్సులు కాకపోతే చీమలనేవాడు, చీమలు కాకపోతే ఎదురుకొట్టువాళ్ళ ఏడుపనేవాడు. లోకంలో ప్రతిదానికీ అతని దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉంటుంది, అందులో ఒక్కటి నిజమైన పాపాన పోలేదు. ఈ ఏడు మాత్రం మెషీన్ నడుస్తుండగా గోడ పైనుంచి తలకాయంత పెళ్ళ ఊడి, బజార్లో బెంచీ మీద పడింది. బెంచీ మీద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఉంటే?

ఆ "ఉంటే" అన్న మాట పట్టుకునే పురపాలక ఆఫీసు తన ఇంజనీరుని పంపింది. ఆ ఇంజనీరు ఎవరో కాదు, స్వయానా ఎడిటరమ్మ అల్లుడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

అల్లుడు మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. కాస్త తేడా మనిషైతే అత్తగారింటి వ్యవహారం కదా అని కళ్ళు మూసుకునేవాడు. ఇతను కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు. బీటల మీద అడ్డంగా సన్నటి గాజు పట్టీలు అతికించాడు.

"గోడ కదలకపోతే ఇవి ఇలాగే ఉంటాయి అత్తయ్యగారూ. కదిలితే విరిగిపోతాయి," అన్నాడు.

మెషీన్ వేశారు. మొదటి కట్ట కాగితం అవకముందే పట్టీలన్నీ పుటుక్కు పుటుక్కున విరిగి కింద పడ్డాయి. బాబాయి స్విచ్చి కట్టేసి, ఎవరి వైపూ చూడకుండా చేతులు తుడుచుకున్నాడు.

"ఇప్పుడేమంటారు అల్లుడుగారూ?" అంది ఎడిటరమ్మ. కోపమొస్తే ఆవిడ మర్యాద ఇంకా పెరుగుతుంది.

"మెషీన్ నడపకూడదండీ. గోడ ఎందుకు కదులుతోందో తెలిసి, బాగుచేసే దారి కనపడితే సరే. లేకపోతే..."

"ఆఁ, లేకపోతే?"

"పడగొట్టాలని రాయాల్సి వస్తుంది. నెలాఖరున కమిటీ కూర్చుంటుంది."

"అత్తసొమ్ము అల్లుడి దానం అంటే విన్నాను. అత్త మేడని అల్లుడు కూలగొట్టించడం ఇదే చూడ్డం!"

అతను నొచ్చుకున్నాడు గానీ వెనక్కి తగ్గలేదు. "ఆ బెంచీ మీద మీ మనవరాలు కూర్చుని ఉంటే ఏమనేవారు?" అన్నాడు నెమ్మదిగా.

ఆ రాత్రి కూతురు ఫోన్ చేసింది. పాపం దాని పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. "ఆయన తప్పేముందమ్మా?" అంది. "తప్పుందని నేనన్నానా? తప్పు లేకపోబట్టే కదే నా మంట!" అని పెట్టేసింది ఎడిటరమ్మ. వేరే ఊళ్ళో అచ్చు వేయించుకోవచ్చు, పేపరు బతుకుతుంది. కానీ ఆ మేడ లేని పేపరుని ఆవిడ ఊహించుకోలేకపోయింది. మేడని చూసే కదా ఊరు ఆ పేపరుని నమ్మింది. లోపల ఏం జరుగుతోందో బజారుకి కనపడేలా, నిలువెత్తు కిటికీలు పెట్టుకున్న పేపరు ఇంకెక్కడుంది?

ఆ వారం పేపరు పక్కూళ్ళో అచ్చయి, మసి పూసుకున్న మొహంతో వచ్చింది. మెషీన్ చప్పుడు విని పాలు పొయ్యి మీద పెట్టే టీకొట్టాయన రెండుసార్లు కొట్టు ఆలస్యంగా తీశాడు. పెద్దబజారుకి చెవుల్లో దూది కుక్కినట్టు ఉంది. అల్లుడు మాత్రం రోజూ ఆఫీసయ్యాక వచ్చేవాడు. గోడలు కొలిచేవాడు, పునాది మూలలు తట్టేవాడు, రాసుకునేవాడు. అతనికీ ఆ మేడ పోవడం ఇష్టం లేదని ఎడిటరమ్మకి అర్థమైంది. అర్థమయ్యాక కోపం నిలబెట్టుకోవడం కష్టమైంది. మింగలేక కక్కలేక రోజూ టీ మాత్రం తెప్పించి ఇచ్చేది.

అలాంటి ఒక సాయంత్రం, హాల్లో ఓ మూల స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్న అల్లుడు ఉన్నట్టుండి గ్లాసు కింద పెట్టాడు.

"అత్తయ్యగారూ, ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. ఈ హాల్లోకి వచ్చేటప్పుడు మీరంతా గుమ్మం దగ్గర అంత పెద్ద అడుగెందుకు వేస్తారు?"

"ఎవరు వేశారు?"

"అందరూనండీ. మీరు, బాబాయి, కాగితం మోసేవాళ్ళు, పైన కంప్యూటర్ దగ్గర పనిచేసే అమ్మాయి కూడా. అక్కడ గడప లేదు, మెట్టు లేదు. కాలవ దాటినట్టు దాటుతున్నారు. వారం రోజులుగా చూస్తున్నా."

"అది ఇక్కడి అలవాటు లెండి. కొత్తవాళ్ళెవరొచ్చినా 'దాటి రా' అంటాం. నా చిన్నప్పుడు మా నాన్నగారు నాకూ అలాగే చెప్పారు."

"దేన్ని దాటి?"

ఎడిటరమ్మ ఊళ్ళో కనపడిన ప్రతివాణ్ణీ ఎందుకు, ఏమిటి, ఎలా అని పీక్కుతినే మనిషి. తన గుమ్మం దగ్గర తను వేసే అడుగు గురించి పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు.

లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుంది. హాలంతా నల్లరాతి బండలు. గుమ్మం ముందు మాత్రం బండకీ బండకీ మధ్య బూడిదరంగు సిమెంటు పట్టీ ఒకటి, బెత్తెడు వెడల్పున, ఈ చివరినుంచి ఆ చివరికి పోయి ఉంది. చీర కుచ్చెళ్ళు దోపుకుని దాని వెంట పాకింది. గోడ పక్కనే సాగి, కాగితం చుట్టల వెనక్కి పోయింది. "అల్లుడుగారూ, ఈ చుట్ట కాస్త పక్కకి దొర్లించండి." అతను దొర్లించాడు. పట్టీ ఇంకా ఉంది. బీరువా కింద ఉంది. కిటికీల కింద ఉంది. అత్తా అల్లుడూ ఇద్దరూ దుమ్ములో మోకాళ్ళ మీద హాలు చుట్టూ తిరిగొచ్చేసరికి, పట్టీ కూడా వాళ్ళతో పాటే చుట్టూ తిరిగొచ్చి గుమ్మం దగ్గర కలిసింది.

సరిగ్గా అప్పుడు బాబాయి వచ్చి, పెద్ద అడుగేసి లోపలికి దాటి, "ఏం పోయిందమ్మా? నేనూ వెతకనా?" అన్నాడు.

"బాబాయ్, ఇదేంటి?"

"అదా? సందమ్మా. మీ నాన్నగారు పూడ్పించారుగా. నేను పన్లో చేరిన కొత్తల్లో."

ఎందుకు పూడ్పించారో కూడా బాబాయే చెప్పాడు. జన్మలో మొదటిసారి అతను చెప్పిన కారణం నిజమైంది. అవి సీసపు అచ్చక్షరాలు ఒక్కొక్కటీ చేత్తో ఏరి పేర్చే రోజులు. కంపోజింగువాళ్ళు వెలుగు కోసం కిటికీల కిందే నిలబడేవాళ్ళు. చేతిలోంచి అక్షరం జారిందా, నేరుగా ఆ సందులోకే. చెయ్యి చాలదు, పుల్ల అందదు. కొన్ని వారాలు అక్షరాలు చాలక, ఉన్నవాటికి సరిపోయేలా నాన్నగారు వార్తలే మార్చి రాసేవారట. చివరికి ఓ రోజు ఒళ్ళు మండి, అమ్ముడుపోని పేపర్లు ఉండలు చుట్టి ఆ సందులో కుక్కించి, పైన సిమెంటు పోయించారు.

"ఆ రోజు మేమంతా చప్పట్లు కొట్టామమ్మా," అన్నాడు బాబాయి.

"అసలు సందు ఎందుకు వదిలారు?" అని అడిగాడు అల్లుడు.

"వదలడమేంటి బాబూ! కట్టిన మేస్త్రీ కొలత తప్పాడు. నేల బెత్తెడు తక్కువొచ్చింది. అందుకేగా వాళ్ళింట్లో వాళ్ళని ఇప్పటికీ బెత్తెడువాళ్ళంటారు!"

ఆ కథ ఎడిటరమ్మకి తెలుసు. ఊరంతటికీ తెలుసు. అది ఈ పట్టీ సంగతేనని మాత్రం ఆవిడకి ఎప్పుడూ తట్టలేదు. తాతగారు మేడ పూర్తయిన కొద్దికాలానికే పోయారు. ఆ సందు సంగతి చెబితే ఊరు నమ్మే మనిషి ఆయనొక్కరే. ఆ తర్వాత మేస్త్రీ కొలత తప్పాడని నాన్నగారు నమ్మారు, నలుగురిలో చెప్పి నవ్వించారు, పేపర్లో హాస్యంగా రాశారు కూడా. ఆ పేరు ఆ ఇంటికి జిగురులా అంటుకుంది. మూడోతరం మేస్త్రీ ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు, మంచి పనివాడు. అతన్ని ఏ చిన్న గోడ కట్టమని పిలిచినా, "బెత్తెడు తగ్గించకయ్యోయ్," అని ఒక నవ్వు నవ్వందే ఎవరికీ పొద్దుపోదు.

అల్లుడు ఆ మాటలు వింటూనే ఉలీ సుత్తీ అడిగి తీసుకున్నాడు. గుమ్మం దగ్గర కొంచెం సిమెంటు పగలగొట్టి, కింద కుక్కిన కాగితం ఉండ లాగేశాడు. బోర్లా పడుకుని టార్చిలైటు లోపలికి వేసి చూశాడు.

"అత్తయ్యగారూ," అన్నాడు లేచి పక్కకి జరిగి. "మీరూ చూడండి."

ఆవిడా బోర్లా పడుకుని చూసింది. సందు మనిషి మునిగేంత లోతుంది. రెండు వైపులా ఇటుకలు తిన్నగా, నున్నగా, ఇటుకకీ ఇటుకకీ మధ్య సున్నం తీర్చిదిద్ది ఉంది. అడుగున మెరుస్తూ సీసపు అక్షరాలు.

"తప్పు జరిగినచోట ఇంత శ్రద్ధగా ఎవరూ తీర్చిదిద్దరు," అన్నాడు అల్లుడు. "మెషీన్ కింద ఉన్న నేల మేడలో భాగం కాదండీ. దాని పునాది దానిది, గోడల పునాది గోడలది. మధ్యలో కావాలనే ఖాళీ వదిలారు. మెషీన్ ఎంత ఊగినా ఆ ఊపు భూమిలోకి పోవాలి గానీ గోడల్లోకి రాకూడదని. మనం సిమెంటు పోసి రెండిటికీ ముడివేశాం. ఆ తర్వాత మీ నాన్నగారు ఇంకా పెద్ద మెషీన్ కొన్నారు. అప్పటినుంచీ గోడ దెబ్బలు తింటోంది."

ఎడిటరమ్మ అలాగే నేల మీద కూర్చుని ముందు నవ్వింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది. నాన్నగారికి ఈ మేడంటే ప్రాణం. ప్రాణమైన దాని ఊపిరి తన చేతులతోనే మూసేశారు. ఆయన్నొక్కర్నీ అనుకుని ఏం లాభం, చప్పట్లు కొట్టినవాళ్ళు కొట్టారు, కారణం అడగనివాళ్ళు అడగలేదు. తిలాపాపం తలా పిడికెడు.

"ఐతే సిమెంటు తీసేస్తే సరిపోతుందా?"

"సరిపోవాలి. కానీ ఇన్నేళ్ళుగా ఈ గోడ దాన్ని ఆనుకుని ఉంది. తీస్తే లోపలికి వాలిపోవచ్చు కూడా. అలా జరిగితే కమిటీ దాకా ఆగనవసరం లేదు, మేడ దానంతటదే పోతుంది."

"తియ్యకపోతే ఎలాగూ పడగొడతారు."

"అవునండీ."

"తియ్యండి."

"మామూలు కూలీతో అయ్యేది కాదు. సుత్తి దెబ్బ గోడకి తగలకూడదు. చెయ్యి తిరిగిన తాపీమేస్త్రీ కావాలి," అన్నాడు అల్లుడు. ఎవర్ని పిలవాలో ఇద్దరికీ తెలుసు. ఏ మొహం పెట్టుకుని పిలవాలన్నదే తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఎడిటరమ్మ ఆ ఇంటికి వెళ్ళింది. మేస్త్రీ పెరటిగోడకి దారం పట్టి ఇటుకలు పేరుస్తున్నాడు. వసారాలో మంచం మీద అతని తండ్రి, బాగా ముసలాయన, చూపు లేదు. మేస్త్రీ కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, విషయం విన్నాడు.

"మీ మేడలో పనా? మా తాత చేసింది చాల్లేదా అమ్మా?" అన్నాడు. అందులో కోపం లేదు. కోపంగా అని ఉంటేనే బాగుండేదనిపించింది ఆవిడకి. "మా నాన్న ఆ మేడ ముందునుంచి ఎప్పుడూ నడవలేదు. నాకూ అదే అలవాటైంది. వదిలెయ్యండమ్మా, వేరే వాళ్ళని చూసుకోండి."

వసారాలో ముసలాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"మీ తాతగారు కొలత తప్పలేదు మేస్త్రీగారూ," అంది ఎడిటరమ్మ.

"ఎవరన్నారు?"

"నేనంటున్నాను. హాలు చుట్టూ మోకాళ్ళ మీద తిరిగి చూశాను. నాలుగు వైపులా ఒకటే బెత్తెడు. కొలత తప్పిన మనిషికి ఓ వైపు ఎక్కువ, ఓ వైపు తక్కువ రావాలి గానీ, నాలుగు వైపులా ఒక్కలా ఎలా వస్తుంది?"

మేస్త్రీ చేతిలో తాపీ ఆగింది.

"లోపల మనిషి లోతున రెండు వైపులా ఇటుకలు తీర్చిదిద్ది ఉన్నాయి. ఎవరి కంటా పడనిచోట. ఆ సందు ఆయన తప్పు కాదు, ఆయన పనితనం. దాన్ని పూడ్చి మేడని పాడుచేసుకున్నది మేము. పైగా నిందేమో మీ ఇంటి మీద వేశాం."

మేస్త్రీ తాపీ కింద పెట్టాడు. "తాత పోయేదాకా ఒకటే మాటమ్మా. 'నేను తప్పలేదు, మెషీన్ కోసం వదిలాను' అని. వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడట. ఎవరూ వినలేదు. ఆఖరికి ఇంట్లోవాళ్ళు కూడా ఇక ఊరుకోమన్నారు." తండ్రి మంచం వైపు ఒక చూపు చూసి, లేచి లోపలికి వెళ్ళాడు. సంచీలో ఉలులు వేసుకుని వచ్చాడు.

ఆ తర్వాత హాల్లో జరిగిన పనిని ఊరంతా కిటికీల్లోంచి చూసింది. ముందు గోడకి లోపల్నించి దుంగలు ఊతం పెట్టారు. మేస్త్రీ ఉలిని సిమెంటు మీద ఆనించి, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నట్టు తల వంచి, ఒక్కొక్క దెబ్బా వేశాడు. ముక్క రావడం, ముక్క కింద కాగితం ఉండ రావడం. బాబాయి ఆ ఉండలు విప్పి, "ఇదిగో, ఫలానా షాపులో గొడుగులు చవకట!" అని ఎప్పటివో ప్రకటనలు పైకి చదువుతూ పని చెడగొట్టబోయి తిట్లు తిన్నాడు. సందు అడుగున పడి ఉన్న అక్షరాలు దోసెళ్ళకొద్దీ బయటపడ్డాయి. హాలు చుట్టూ సందు మళ్ళీ నల్లగా నోరు తెరిచాక, ఒక్కో దుంగా తీశారు. ఆఖరి దుంగ తీస్తున్నప్పుడు అల్లుడు ఎడిటరమ్మని బయట నిలబడమన్నాడు. "నేను బయట నిలబడి ఈ మేడ లోపల మిమ్మల్ని నిలబెడతానా?" అని ఆవిడ కదల్లేదు. దుంగ వచ్చేసింది. గోడ నిలబడింది.

ఇక మిగిలింది మెషీన్. కమిటీ కూర్చునే రోజుకి ముందురోజు పొద్దున, అందరి ఎదుటా నడిపి చూపిస్తామని కబురు పెట్టారు. కమిటీ పెద్దాయన వచ్చాడు. ఆయనకి బజారు వెడల్పు చెయ్యాలని ఎప్పటినుంచో ఉంది, ఆ మేడ పోతే ఆయనకి నొప్పేం లేదు. పెద్దబజారు కిక్కిరిసిపోయింది. టీకొట్టాయన కొట్టు వదిలేసి వచ్చాడు. అల్లుడు బీటల మీద కొత్త గాజు పట్టీలు అతికించాడు. అవి బయటివాళ్ళకి ఎక్కడ కనపడతాయని ఎడిటరమ్మ కిటికీల అంచుల మీద గ్లాసులు వరసగా పెట్టించి, పొర్లబోయేదాకా నీళ్ళు పోయించింది.

"తొణికితే ఊరంతా చూస్తుంది అత్తయ్యగారూ," అన్నాడు అల్లుడు.

"చూడనివ్వండి. ఈ కిటికీలు పెట్టింది అందుకే," అంది ఆవిడ.

మేస్త్రీ లోపలికి రాలేదు. బజారుకి అవతలి పక్క, జనం వెనకాల నిలబడ్డాడు.

బాబాయి మెషీన్ వేశాడు. అది ముందు మూలిగి, దగ్గి, మెల్లగా తిరగడం మొదలెట్టింది. అందరి కళ్ళూ నీళ్ళ మీదే. నీళ్ళు కదల్లేదు. అల్లుడు గోడకి చెవి ఆనించి, "పెంచండి," అన్నాడు. చప్పుడు పెరిగింది. బండల మీద నిలబడ్డవాళ్ళకి అరికాళ్ళు జిల్లుమన్నాయి. గాజు పట్టీలు అలాగే ఉన్నాయి. "ఇంకా పెంచండి." బాబాయి మొహం పాలిపోయింది. "ఇంతవరకూ ఎప్పుడూ ఇంతకంటే..."

"పెంచు బాబాయ్!" అని అరిచింది ఎడిటరమ్మ.

మెషీన్ ఉన్న సత్తువంతా తీసి గర్జించింది. నేల ఊగుతోంది. నేలకి బెత్తెడు దూరంలో గోడ కొండలా నిలబడి ఉంది. గ్లాసుల్లో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఒక్క చుక్క తొణకలేదు. ఒక్క పట్టీ విరగలేదు. అల్లుడు గోడ మీంచి చెవి తీసి, కళ్ళజోడు తుడుచుకోవడం కూడా మరిచిపోయి, రెండు చేతులూ పైకెత్తాడు. అంతే, పెద్దబజారు ఒక్కసారిగా ఈలలతో కేకలతో ఎగిరిపడింది. మెషీన్ చప్పుడు కూడా అందులో మునిగిపోయింది.

కమిటీ పెద్దాయన తనే గోడ మీద చెయ్యి వేసి చూశాడు. మళ్ళీ ఇంకోచోట వేసి చూశాడు. "మా ఇంటి గోడ ఇంతకన్నా ఎక్కువ అదురుతుందయ్యా," అని ఒప్పేసుకున్నాడు. "మేడ జోలికి రాం. బీటలు మాత్రం పూడ్పించుకోండి."

"చూశారా? మొదట్నుంచీ నేను చెబుతూనే ఉన్నా," అన్నాడు బాబాయి. ఏం చెప్పాడో ఎవరూ అడగలేదు. ఆ సంతోషంలో అది కూడా చెల్లిపోయింది.

ఎడిటరమ్మ అల్లుడి దగ్గరికి వెళ్ళింది. "అల్లుడుగారూ, మీ మీద కోపంతో ఎన్నో అన్నాను. మీరు కళ్ళు మూసుకునే మనిషైతే ఈపాటికి ఎవరి నెత్తి మీదో ఈ గోడ పడి ఉండేది. మా అమ్మాయి అదృష్టవంతురాలు," అంది. అతను కళ్ళజోడు తుడుచుకుంటూ, "టీ ఉందా అత్తయ్యగారూ?" అన్నాడు.

మెషీన్ ఊరికే తిరగలేదు. ఆ వారం పేపరు మొదటి పేజీ అచ్చు వేస్తూనే ఉంది. అందులో ఏముందో ఎడిటరమ్మకీ, అచ్చు పెట్టిన బాబాయికీ తప్ప ఎవరికీ తెలియదు. లోకంలో ఏ పేపరైనా తన తప్పు దిద్దుకోవాల్సి వస్తే ఆఖరి పేజీలో, అట్టడుగున, భూతద్దం పెట్టుకున్నా కనపడనంత చిన్నగా వేస్తుంది. ఈ పేపరూ అంతే చేసేది. ఈసారి మాత్రం మొదటి పేజీలో, అన్నిటికంటే పైన, మెషీన్ మొయ్యగలిగినంత పెద్ద అక్షరాల్లో "సవరణ" అని ఉంది.

ఎడిటరమ్మ తడి ఆరని మొదటి కాగితం తీసుకుని బయటికొచ్చింది. జనం దారిచ్చారు. బజారు దాటి వెళ్ళి, మేస్త్రీ చేతిలో పెట్టింది. అతను అక్షరాల కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివాడు. చదవడం అయ్యాక మళ్ళీ పైకెళ్ళి మొదట్నుంచీ చదివాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అతని భుజాల మీంచి తొంగి చూసి, ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. వాళ్ళలో అతన్ని ఆ పేరు పెట్టి పిలవనివాడు ఒక్కడూ లేడు.

"అమ్మా," అన్నాడు మేస్త్రీ. "మా నాన్నకి కళ్ళు కనపడవు. నేను చదివి వినిపిస్తే, ఆయన్ని సంతోషపెట్టడానికి చెబుతున్నాననుకుంటాడు. మీరొచ్చి చదువుతారా?"

ఎడిటరమ్మ మెషీన్ని బాబాయికీ, జనాన్ని అల్లుడికీ వదిలేసి, అలాగే అతని వెంట నడిచింది. వసారాలో ముసలాయన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, తనెవరో చెప్పింది. ఆవిడ కాగితం విప్పి చదివింది.

"'ఈ మేడ కట్టిన మేస్త్రీ కొలత తప్పాడని ఈ పత్రిక ఒకప్పుడు రాసింది. అది పచ్చి అబద్ధం. ఆయన కొలత సరైనది. ఆయన ముందుచూపుతో వదిలిన సందుని తెలివితక్కువగా పూడ్చినవాళ్ళం మేము. ఈ మేడ ఇవాళ నిలబడిందంటే అది ఆయన పనితనం. ఆయన కుటుంబానికి ఈ పత్రిక తలవంచి క్షమాపణ చెబుతోంది.'" ఆ కింద మేడ కట్టిన మేస్త్రీ నిండు పేరు ఇంటిపేరుతో సహా ఉంది. అదీ చదివింది.

ముసలాయన లేచి కూర్చోబోయాడు. కొడుకు వీపుకింద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"ఏమన్నారు? ఆయన తప్పలేదనా?"

"తప్పలేదు పెద్దాయనా. ఒక్క వేలెడు కూడా తప్పలేదు."

"నేను కూడా నమ్మలేదమ్మా ఆయన్ని," అన్నాడు ముసలాయన. చూపు లేని కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. చెయ్యి చాపి కాగితం తడిమాడు. అరచేతికి సిరా అంటుకుంది. "ఊరందరికీ వెళ్తుందా ఇది?"

"ఇంటింటికీ వెళ్తుంది."

"మళ్ళీ చదువమ్మా."

ఎడిటరమ్మ గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పక్కింటివాళ్ళకి కూడా వినపడేలా, ఇంకాస్త గట్టిగా చదివింది.